ఎర్తు మేస్త్రి, రంగుల బావమరిది

కొండబండి మొరాయిస్తే ఆ ఊళ్ళో జనం చేసే పనులకు ఒక వరస ఉంది. ముందు బండిని తిడతారు. తర్వాత బ్యాటరీని తిడతారు. ఆ తర్వాత బ్యాటరీ అమ్మినవాణ్ణి, వాడి ముందు తరాలను. కొత్త బ్యాటరీ పెట్టినా బండి "టక్" అని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంటే, అప్పుడు గుర్తొస్తాడు ఎర్తు మేస్త్రి.

"ముందే రావచ్చుగా?" అని ఆయన ఎవర్నీ అడగడు. అన్ని తలుపులూ తట్టాకే సరైన తలుపు తట్టడం మనిషి పుట్టుకలోనే ఉందని ఆయన నమ్మకం. వచ్చినవాడికి స్టూలు చూపించి, బానెట్ ఎత్తి, "ఎర్తు చూశారా?" అంటాడు. చూసి ఉండరు. అందుకే ఆ పేరు.

ఆయన షెడ్డు ఊరి చివర, తారురోడ్డు అలిసిపోయి మట్టిలోకి దిగే చోట ఉంది. అక్కణ్ణించి దారి మెలికలు తిరుగుతూ కొండ మీదికి పోతుంది. జీపులు, దుంగలు లాగే ట్రాక్టర్లు, రాళ్ళు మోసే పొట్టి లారీలు ఆ దారినే దిగి వచ్చి, ఒంటినిండా బురదతో షెడ్డు ముందు నిలబడతాయి. ముసురు రోజుల్లో మంచు కూడా వాటి వెనకాలే దిగివచ్చి, పిలవని చుట్టంలా షెడ్డులో కూర్చుంటుంది. అప్పుడు సుత్తులు, స్పానర్లు, గోడకు వేలాడే తీగచుట్టలు అన్నీ కొంచెం దూరం జరిగినట్టు కనిపిస్తాయి. మేస్త్రికి ఆ వేళలంటే ఇష్టం. కళ్ళు తెరిచినా మూసినా ఒకేలా ఉంటుంది కదా అంటాడు. ఆయన పని సగం కళ్ళు మూసుకునే జరుగుతుంది మరి.

ఆ పని ఇలా ఉంటుంది. ఎవరో ఒకరు సీట్లో కూర్చుని తాళం తిప్పాలి. దాన్నే సెల్ఫ్ కొట్టడం అంటారు. మేస్త్రి బానెట్ కింద తలపెట్టి, కళ్ళు మూసుకుని, తీగ మీద అరచెయ్యి వేసి, "కొట్టు" అంటాడు. తీగ ఎక్కడ వేడెక్కితే అక్కడ జబ్బు. మీటరు కూడా ఉంది ఆయన దగ్గర, శుభ్రంగా తుడిచి, గుడ్డలో చుట్టి పెట్టుకుంటాడు. మీటరు ఎంత అన్నది చెబుతుంది, చెయ్యి ఎక్కడ అన్నది చెబుతుంది, రెండూ కావాలి అంటాడు.

అలా కళ్ళు మూసుకున్న కాసేపట్లో ఆయనకు ఒక దృశ్యం కనబడుతుంది. ఎప్పుడూ అదే. సాయంత్రం పనులు దిగి ఇళ్ళకు పోతున్న జనం. బ్యాటరీలోంచి బయల్దేరిన కరెంటు ఎర్రతీగ పట్టుకుని సెల్ఫ్ మోటారు దాకా వెళ్ళి దాన్ని తిప్పుతుంది. అక్కడితో కథ అయిపోయిందనుకుంటారు అందరూ. కానీ అది ఇంజిను ఇనుములోంచి బాడీలోకి, బాడీలోంచి బ్యాటరీ రెండో కొసకి, తిరిగి ఇల్లు చేరాలి. ఆ తిరుగుదారే ఎర్తు. ఇంజిను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి దాన్నుంచి బాడీకి ఒక వంతెన కావాలి. జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి ఆ రెంటినీ కలుపుతుంది. మేస్త్రి దాన్ని జడ అనే పిలుస్తాడు.

"వెళ్ళే దారికి ఎర్రతొడుగు తొడిగి ముద్దు చేస్తారు. వచ్చే దారిని ఒక్కడూ పట్టించుకోడు" అంటాడు స్టూలు మీద కూర్చున్నవాళ్ళతో. "బండికైనా మనిషికైనా సగం జబ్బులు వచ్చే దారిలోనే."

ఈ జ్ఞానం ఆయనకు చెట్టు కింద రాలేదు, వాగు మధ్యలో వచ్చింది. పడుచు వయసులో రాళ్ళ లారీ తోలేవాడు. ఒకరోజు లారీ వాగులో నిలిచిపోయింది. తాళం తిప్పినప్పుడల్లా టక్‌మంటోంది, యాక్సిలరేటరు తీగలోంచి మాత్రం సన్నగా పొగ వస్తోంది. పెడలు కింద దెయ్యం కూర్చుందని ఒట్టేసి చెప్పాడు. పై ఊరి నుంచి ఒక ముసలి మెకానిక్ మోకాటిలోతు నీళ్ళలో నడిచి వచ్చి, చూసి, పగలబడి నవ్వాడు. "జడ తెగిందిరా అబ్బీ. పాపం దీనికి ఇంటికెళ్ళే దారి లేక దొడ్డిదారిన పోతోంది" అన్నాడు. తెగిన జడ కట్టగానే లారీ ఏమీ జరగనట్టు లేచింది. ఇల్లు చేరడానికి కాలిపోతూనైనా సందుగొందులు వెతుక్కునే ఆ కరెంటు మీద అతనికి చెప్పలేనంత జాలి కలిగింది. ఆ ఏడాదే లారీ వదిలేసి ఈ పనిలో పడ్డాడు.

షెడ్డు వెనకే ఇల్లు. ముందుగదిలో ఆయన భార్య జీపుల సీట్లకు గుడ్డలు, పైకప్పులకు కాన్వాసు కుడుతుంది. ఆమె మిషను చప్పుడు ఆగిందంటే ఇంట్లో ఏదో చెడిందని మేస్త్రికి తెలుస్తుంది. షెడ్డుకు కుడిపక్క, రేకు గోడకు అవతల, ఆమె తమ్ముడి రంగుల షెడ్డు. ఒకప్పుడు ఆ గోడ లేదు. ఒకే వాకిలి, ఒకే నీళ్ళ తొట్టి. తుప్పుపట్టి, తీగలు వేలాడుతూ వచ్చిన ముసలి జీపుకు అక్క, బావ, తమ్ముడు ముగ్గురి చేతులూ పడితే అది పెళ్ళికొడుకై బయటికి పోయేది.

రంగులాయనది పుట్టుకతో వచ్చిన చెయ్యి. పాత ఇనుము మీద నెమలికంఠం రంగు వేస్తే అందులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. కానీ ఆ చేతికి ఆగడం తెలీదు. బోల్టు తలలు, బ్రాకెట్లు, ఎర్తు బిగించే చోటు, ఏదీ వదిలేవాడు కాదు. రంగు మీద ఎర్తు బిగిస్తే కరెంటు దాటదు. కాబట్టి తమ్ముడు వేసిన చోటల్లా బావ ఆకురాయి పెట్టి గీకేవాడు.

"నేను వేస్తాను, మా బావ గీకుతాడు. ఇద్దరికీ పని దొరుకుతుంది" అనేవాడు రంగులాయన వచ్చినవాళ్ళతో.

"వీడికి అడ్డు లేకపోతే బ్యాటరీలో నీళ్ళక్కూడా రంగు కలుపుతాడు" అనేవాడు మేస్త్రి.

ఆ రోజుల్లో సెల్ఫ్ కొట్టేది కూడా రంగులాయనే. బావ పిలవక ముందే చెయ్యి తుడుచుకుని వచ్చి సీట్లో కూర్చునేవాడు. ఒకటే చెడ్డ అలవాటు. ఇంజిను అందుకున్నాక కూడా తాళం వదిలేవాడు కాదు. సెల్ఫ్ మోటారు కర్రుమని ఏడ్చేది.

"వదలరా, అందుకుంది! సెల్ఫ్ పళ్ళరిగిపోతాయి!"

"నిజంగా అందుకుందో లేదో చూసుకోవద్దా బావా?"

బావ బాగు కోరేవాడు బావమరిది అంటారు. వాళ్ళిద్దర్నీ చూస్తే ఆ మాట వట్టిది కాదనిపించేది.

చెడింది పెళ్ళిరోజున. రంగులాయనకు ఒక్కతే కూతురు. తల్లి చిన్నప్పుడే పోయింది. మేనత్త దగ్గర తిని, తండ్రి దగ్గర నిద్రపోయి, రెండిళ్ళ మధ్యా పెరిగింది. ఆ పిల్లకు పెళ్ళి కుదిరితే, తండ్రి ఒక పాత జీపు తెచ్చి, దానికి తన బతుకులోకెల్లా గొప్ప రంగు వేశాడు. సాగనంపేరోజు ఆ జీపులో కూతురు, అల్లుడు కూర్చున్నారు. చుట్టూ జనం. అల్లుడు తాళం తిప్పాడు. టక్. మళ్ళీ తిప్పాడు. టక్.

అందరూ మేస్త్రి వంక చూశారు. మేస్త్రి కొత్త చొక్కా చేతులు పైకి మడిచి, బానెట్ ఎత్తి, ఎర్తు చోటు చూశాడు. నెమలికంఠం రంగు మీగడలా పేరుకుని ఉంది. ఆకురాయి తెచ్చి, బానెట్ దింపినా బయటికి కనబడేంత మేర బరబరా గీకేశాడు. అంతటితో ఊరుకుంటే పోయేది. జనం చూస్తున్నారు, నోరు ఊరుకోలేదు. "రంగు మీదున్న శ్రద్ధ బుర్ర మీద కూడా ఉంటే మావాడు ఎక్కడో ఉండేవాడు" అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. పెళ్ళికొడుకు తండ్రి అందరికంటే ఎక్కువ నవ్వాడు. జీపు లేచి వెళ్ళిపోయింది. కూతురు వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతున్నా, రంగులాయన చూపు మాత్రం జీపు ఒంటి మీద పడిన ఆ తెల్లటి గాటు మీదే ఉంది.

మర్నాడు పొద్దున మేస్త్రి లేచేసరికి రెండు షెడ్ల మధ్య రేకు గోడ లేస్తోంది.

"నవ్వులాటకి అన్నమాటే కదే" అన్నాడు భార్యతో.

"నవ్వింది మీరు. వాడు కాదు" అంది ఆమె, మిషను మీంచి తలెత్తకుండా.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. తీసుకోవచ్చేమో, మేస్త్రి ప్రయత్నం చెయ్యలేదు. నాలుగు రోజులు పోతే వాడే వస్తాడులే అనుకున్నాడు. బావే పిలుస్తాడులే అని వాడూ అనుకున్నాడు. ఇద్దరూ ఇద్దరే. ఏళ్ళు గడిచాయి. రేకు గోడకు ఇటు ఆకురాయి చప్పుడు, అటు రంగు జల్లే యంత్రం బుస్సుమనే చప్పుడు, మధ్యలో అక్క మోసే గిన్నెలు. సెల్ఫ్ కొట్టడానికి మనిషి లేక మేస్త్రి ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు పట్టాడు. దాన్ని మోటారు మీది రెండు బోల్టులకు ఆనిస్తే తాళంతో పని లేకుండానే తిరుగుతుంది. ఒక చేత్తో అది, రెండో చెయ్యి తీగ మీద. ఒంటిచేతి సంసారం. కళ్ళు మూసుకుంటే మునుపటి జనం కనబడేవాళ్ళు గానీ, పలచగా.

ఒకటి మాత్రం ఆయనకు కలిసొచ్చినట్టు అనిపించింది. కొత్తగా రంగు వేయించుకున్న బళ్ళు ఎర్తు జబ్బుతో రావడం తగ్గిపోయింది. జనానికి బుద్ధి వస్తోంది అనుకున్నాడు.

అలా ఉండగా రంగులాయనకు ఊపిరి కష్టమైంది. ఇన్నేళ్ళ రంగు పొగ గుండెల్లో గూడు కట్టుకుంది. ఇక డబ్బా మూత తియ్యకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. కొండపైన గాలి మంచిదని, తండ్రిని తన దగ్గరికి తీసుకుపోవడానికి కూతురు ఆ నెమలికంఠం జీపులోనే దిగివచ్చింది. జబ్బు బయటపడకముందు అతను చివరగా మళ్ళీ రంగు వేసింది కూడా ఆ జీపుకే. షెడ్డు ఖాళీ చేశారు. డబ్బాలు ఎవరికో ఇచ్చేశారు. సాయంత్రం మంచు చిక్కబడకముందే బయల్దేరాలి. ఇక తిరిగి రావడమంటూ లేదు.

ఆ మధ్యాహ్నం మిషను చప్పుడు ఆగింది. భార్య షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"వాడు వెళ్ళిపోతున్నాడు. తెలుసుగా?"

"తెలుసు."

"పెద్దవారు మీరు. వాడు బండెక్కేలోపు ఒక్క మాట మాట్లాడండి. మాట్లాడకుండా పంపించారంటే, నేను మిమ్మల్ని ఏమీ అనను. ఇంకెప్పుడూ ఏమీ అనను."

ఆ రెండో మాటకు మేస్త్రి చేతిలో స్పానరు కింద పెట్టాడు. "ఏం మాట్లాడమంటావు?"

"ఏదో ఒకటి. వాన గురించి మాట్లాడండి."

ఆమె లోపలికి వెళ్ళింది. మేస్త్రి మనసులో కొన్ని మాటలు పేర్చుకున్నాడు. ఒక్కటీ నిలబడలేదు. మింగలేక కక్కలేక కూర్చుని ఉండగా మేనకోడలు జీపును షెడ్డులోకి తోయించుకుని వచ్చింది.

"మావయ్యా, పొద్దున దిగుతూ వాగు దగ్గర ఆపానా, మళ్ళీ స్టార్టు కాలేదు. టక్ అంటుంది అంతే. పల్లంలోకి తోస్తే అందుకుంది. యాక్సిలరేటరు బిగుసుకుపోతోంది. ఏదో కాలిన వాసన కూడా."

"దొడ్డిదారి" అన్నాడు మేస్త్రి, మొహం వికసించి.

"ఏంటి?"

"ఏం లేదమ్మా. ఎర్తు. నువ్వెళ్ళి మీ అత్తకు సాయం చెయ్యి."

ఆ పిల్ల వెళ్ళగానే ఆయన ఆకురాయి అందుకున్నాడు. ఉన్నమాట చెప్పాలి, ఆ క్షణాన ఆయనలో ఒక చిల్లర సంతోషం పొంగింది. మళ్ళీ పూసేశాడన్నమాట! ఇన్నేళ్ళయినా బుద్ధి మారలేదన్నమాట! అయితే ఆవేళ అన్నదాంట్లో తప్పేముంది? మాట్లాడటానికి మాట కూడా దొరికింది. బానెట్ ఎత్తి, దీపం దగ్గరికి లాగి, బ్యాటరీ ఎర్తు బోల్టు విప్పి, తీగ కొస పక్కకి జరిపాడు.

ఆకురాయి అలాగే గాల్లో ఆగిపోయింది.

నెమలికంఠం రంగు మధ్యలో, తీగ కొస కూర్చునేంత మేర, గుండ్రంగా వట్టి ఇనుము. వెండిలా మెరుస్తోంది. అంచు ఎక్కడా చెదరలేదు. టేపు అంటించి, చుట్టూ రంగు వేసి, టేపు ఊడదీసి, తడి తగలకుండా పలచగా గ్రీజు రాసిన పని అది. పెళ్ళిరోజు గీకిన గాటు మిగతాదంతా పూడ్చి నునుపు చేశాడు. ఈ గుండ్రం ఒక్కటే అట్టేపెట్టాడు.

మేస్త్రికి మతి పోయింది. షెడ్డులో మూలగా దీపాలు వెలగడం లేదని వచ్చిన ట్రాక్టరు ఒకటి ఉంది. కిందటేడు పక్క షెడ్డులోనే రంగు పడింది దానికి. వెళ్ళి దాని ఎర్తు విప్పాడు. గుండ్రంగా వట్టి ఇనుము, గ్రీజు. వాకిట్లో హారను బాగుచెయ్యమని వదిలేసిన పొట్టి లారీ ఉంది. దాందీ విప్పాడు. అదే. మంచులో ఒక బండి నుంచి ఇంకో బండికి తిరుగుతుంటే, ఆయనకు తానేదో కలలో నడుస్తున్నట్టు ఉంది. జనానికి బుద్ధి రావడమేమిటి, రేకు గోడకు అవతల కూర్చుని ఒకడు ప్రతి బండికీ బావ చెయ్యి పడే చోటు వదిలిపెడుతూ వచ్చాడు. ఆ బళ్ళకు ఎర్తు జబ్బు రాలేదు. రాలేదు కాబట్టి ఈయన విప్పి చూడలేదు. చూడలేదు కాబట్టి తెలియలేదు.

తిరిగి వచ్చి జీపు బోల్టు తన చేత్తో మెల్లగా బిగించాడు. చిల్లర సంతోషం ఎటు పోయిందో పోయింది. ఇప్పుడు మిగిలింది సిగ్గు. దాంతోపాటు, ఇంకా దొరకని జబ్బు కూడా.

పొడుగాటి స్క్రూడ్రైవరు తీశాడు. అప్పుడే రేకు గోడ పక్కనుంచి దగ్గు వినబడింది. రంగులాయన మెడకు మఫ్లరు చుట్టుకుని, గోడ పట్టుకుని, నెమ్మదిగా ఇటు వచ్చాడు. ఇందాక కూతురు షెడ్డులోకి తోయించే ముందు తాళం తిప్పిన టక్ చప్పుడు అక్కడికీ వినబడి ఉంటుంది. బావ వంక చూడలేదు. జీపు చుట్టూ తిరిగి వచ్చి, సీట్లోకి కష్టంగా ఎక్కి, చెయ్యి పంట్లాముకు తుడుచుకుని, తాళం మీద వేసి కూర్చున్నాడు. పక్కకు తిరిగి వాకిట్లో మంచును చూస్తున్నాడు.

స్క్రూడ్రైవరు మేస్త్రి చేతిలోనే ఉంది. దాన్ని బోల్టులకు ఆనిస్తే చాలు, పని అయిపోతుంది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. జబ్బు దొరుకుతుంది, జీపు లేస్తుంది, వాడు వెళ్ళిపోతాడు. లోపల పెట్టెలు సర్దుతున్న చప్పుడు ఆగింది. కిటికీ దగ్గర ఎవరో నిలబడ్డట్టు నీడ కదిలింది.

మేస్త్రి స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు. బానెట్ కింద తల పెట్టాడు. అరచెయ్యి ఎర్తు మీద వేసి కళ్ళు మూసుకున్నాడు.

"కొట్టు."

"కొడుతున్నా బావా."

టక్.

"పట్టుకునే ఉండు."

బాడీ దగ్గర, ఆ వెండి గుండ్రం మీద, చల్లగా ఉంది. వాగులో రాయిలా చల్లగా. మూసిన కళ్ళలో జనం కనబడ్డారు, మునుపటంత మంది. ఆ గుండ్రం మీదుగా ఇళ్ళకు పోవలసినవాళ్ళు ఇటు చేరనే లేదు, వెనక ఎక్కడో కిక్కిరిసి ఆగిపోయారు. మేస్త్రి చెయ్యి వాళ్ళను వెతుక్కుంటూ జడ వెంబడి జరిగింది. గోరువెచ్చన. ఇంకొంచెం జరిగింది. చురుక్కుమంది.

"చాలు. వదులు."

కళ్ళు తెరిచి చూశాడు. ఇంజిను నుంచి బాడీకి వచ్చే జడ. దానిమీద నున్నటి నల్లరబ్బరు తొడుగు. రెండు కొసలా ముడులు, అందంగా.

చూడగానే గుర్తుపట్టాడు. ఆ తొడుగు వేసింది తనే. పెళ్ళయిన తర్వాత ఏడాది అమ్మాయి ఈ జీపు తెచ్చినప్పుడు, పక్క షెడ్డులో మనిషి లేని వేళ చూసి, కొత్త జడ బిగించాడు. వట్టి రాగి పట్టీ ఆ నెమలికంఠం రంగు పక్కన వికారంగా అనిపించింది. బండిలో అందం కోసం ఆయన తన జన్మలో చేసిన పని అదొక్కటే. వాడు ఎప్పుడైనా బానెట్ ఎత్తితే చూస్తాడు, చూస్తే తెలుసుకుంటాడు అనుకున్నాడు. చాకు పెట్టి తొడుగు చీల్చాడు. నీళ్ళు కారాయి. ఆ వెనకే పచ్చటి పొడి రాలింది. లోపల జడ చివికిపోయి, నాలుగు పోగుల మీద వేలాడుతోంది. జడను గాలికి వదిలెయ్యాలి, మూసిపెడితే తడి చేరి తినేస్తుంది. ఈ మాట ఊరందరికీ చెప్పేది ఆయనే. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది.

"దొరికిందా బావా?" సీట్లోంచి అడిగాడు రంగులాయన.

"దొరికింది. ఎవడో తెలివితక్కువ వెధవ జడకు తొడుగు వేశాడు."

"ఎందుకట?"

మేస్త్రి పచ్చటి పొడి వేళ్ళ మధ్య నలుపుతూ నిలబడ్డాడు.

"నీ రంగు పక్కన బాగుండదని."

సీట్లోంచి నవ్వు మొదలై, సగంలో దగ్గయి, మళ్ళీ నవ్వయింది. మేస్త్రి బానెట్ కింది నుంచి తల బయటపెట్టలేదు. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు శుభ్రంగా లేవు.

"నువ్వు వదిలిపెట్టిన గుండ్రం చూశానురా" అన్నాడు అక్కణ్ణించే. "ట్రాక్టరుదీ చూశాను. లారీదీ చూశాను."

"ఇన్నాళ్ళకా?"

"ఇన్నాళ్ళకే. నేను ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది."

"అనకుండా ఉంటే నేను పూస్తూనే ఉండేవాణ్ణిగా" అన్నాడు రంగులాయన. మఫ్లరు సర్దుకుని, "కానీ బాధేసింది బావా. చాలా బాధేసింది" అన్నాడు.

"తెలుసురా."

మేస్త్రి కొత్త జడ బిగించాడు. తొడుగు లేదు, వట్టి రాగి. ఇంజిను ఊగినా లాగకుండా కొంచెం వదులుగా వదిలాడు. బోల్టు బిగిశాక, తడి చొరబడకుండా చుట్టూ ఒక పూత ఉంటే మంచిది. ఎప్పుడూ గ్రీజు రాసేవాడు. ఈసారి అడిగాడు, "రంగేమైనా మిగిల్చావా?"

"సీటు కింద చిన్న డబ్బా ఉంది. అన్నీ ఇచ్చేశాను గానీ ఇది ఇవ్వబుద్ధి కాలేదు. నేను మూత తియ్యకూడదు."

"నేను తీస్తాను. నువ్వు మఫ్లరు ముక్కుకు కట్టుకుని దూరంగా నిలబడు."

అలా ఎర్తు మేస్త్రి తన జీవితంలో మొదటిసారి కుంచె పట్టాడు. గీకే చెయ్యి, పూయడం రాదు. రంగు బోల్టు మీద గడ్డలు కట్టింది, కింద కారింది.

"గోడకు సున్నం కాదు బావా అది! కొసతో, కొసతో. మీద పెట్టి ఊరుకో, రుద్దకు."

"చెప్పింది చాల్లే."

"బిడ్డకు కాటుక పెట్టినట్టు పెట్టు."

మేస్త్రి నాలిక బయటపెట్టుకుని, ఊపిరి బిగబట్టి, బోల్టు చుట్టూ ఒక వంకర గుండ్రం పూర్తిచేశాడు. రంగులాయన దూరం నుంచే మెడ సాచి చూసి, పరవాలేదన్నట్టు తలాడించాడు. అంత మెప్పు మేస్త్రికి అప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు.

మూత బిగించి, వాసన పోయాక, రంగులాయన మళ్ళీ సీట్లోకి ఎక్కాడు.

"కొట్టు."

ఇంజిను ఒక్క తిప్పుకే లేచింది. మేస్త్రి "వదలరా" అనబోయాడు. ఆ మాట నాలిక చివరికి వచ్చి ఉంది కూడా. కానీ రంగులాయన తాళం వెంటనే వదిలేశాడు. ఒక రెప్పపాటు కూడా ఎక్కువ పట్టలేదు. అలవాటు మారిందో, చేతిలో బలం లేదో. మాట మేస్త్రి నోట్లోనే ఉండిపోయింది.

తర్వాత అంతా తొందరలో జరిగింది. పెట్టెలు ఎక్కించారు. అక్క తమ్ముడి మఫ్లరు సరిచేసి, చెవులు మూసి, మళ్ళీ సరిచేసింది. అమ్మాయి స్టీరింగు దగ్గర కూర్చుంది. రంగులాయన పక్క సీట్లోంచి బావ భుజం మీద చెయ్యి వేసి తీశాడు. జీపు మట్టిదారిలోకి దిగింది. మంచులో ముందు చక్రాలు, తర్వాత పెట్టెలు, చివర ఆ నెమలికంఠం రంగు, ఒక్కొక్కటిగా కరిగిపోయాయి. చప్పుడు మాత్రం కొండ ఎక్కుతూ ఉంది.

"ఏమన్నారు వాడితో?" అంది భార్య.

"కొట్టు అన్నాను."

"అంతేనా?"

"వాడు కొట్టాడు."

ఆమె కళ్ళు తుడుచుకుంటూ ఏదో అనబోయింది. అంతలో పైన, మొదటి మలుపు దగ్గర, ఇంజిను చప్పుడు టక్కున ఆగిపోయింది. మేస్త్రి రెండడుగులు ముందుకు వేశాడు. జడ ఊడిందా? బోల్టు జారిందా? వంకరగా వేసిన రంగు లోపలికి దిగిందా? మంచు నిశ్శబ్దంగా ఉంది. ఒక పక్షి కూడా అరవడం లేదు.

అప్పుడు సెల్ఫ్ చప్పుడు వినబడింది. ఆ వెంటనే ఇంజిను అందుకుంది. అందుకున్నా సెల్ఫ్ ఆగలేదు. కర్రుమని ఏడుస్తూనే ఉంది, కొండంతా వినబడేలా. తాళం మీద చెయ్యి ఎవరిదో మేస్త్రికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

చెప్పులు లేకుండా మట్టిదారిలోకి పరిగెత్తి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, మంచులోకి అరిచాడు.

"వదలరా! అందుకుంది!"

రంగులాయన ఇంకాసేపు పట్టుకుని, అప్పుడు వదిలాడు.